మ్యాక్స్ ప్లస్ వన్ నేర్పకండి: డేటాబేస్ పాఠాలు చెప్పేవారికి ఒక బహిరంగ లేఖ

డేటాబేస్ పాఠాలు చెప్పే గురువులకు, ల్యాబ్ మాన్యువళ్లు రాసే పెద్దలకు, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి,

నమస్కారం.

నేను చాలా ఏళ్లుగా డేటాబేస్‌ల మీదే పనిచేస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు పని నేర్పే బాధ్యత కూడా నాదే. వాళ్లు వచ్చిన మొదటి వారంలో ఒక చిన్న పని ఇస్తాను. ఒక టేబుల్ తయారుచేసి, అందులో కొత్త రికార్డు చేర్చే కోడ్ రాయమంటాను. ప్రతి రికార్డునూ వేరుగా గుర్తుపట్టే నంబరుకు, అంటే ప్రైమరీ కీకి, విలువ ఎక్కణ్నుంచి తెస్తారన్నదే నేను చూసేది. ఎక్కువమంది చేసేది ఒకటే. టేబుల్‌లో అన్నిటికన్నా పెద్ద నంబరు ఎంతో సెలెక్ట్ మ్యాక్స్‌తో కనుక్కుంటారు, దానికి ఒకటి కలుపుతారు, వచ్చినదాన్ని రికార్డు చేర్చే ఇన్సర్ట్‌లో పెడతారు. మ్యాక్స్ ప్లస్ వన్ అంటే ఇదే. ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "ల్యాబ్‌లో ఇలాగే చేయించారండీ" అంటారు.

నన్నూ అలాగే చేయించారు. ఆ రెండు లైన్ల వల్ల ఏమవుతుందో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది, ఆ తెలివి వచ్చేలోపు ఇతరులకు నష్టం జరిగింది. అందుకే మీకు రాస్తున్నాను.

తప్పు పిల్లలది కాదు. చివరి నంబరు 500 అయితే తర్వాతది 501. అంకెలు వచ్చిన ఎవరికైనా తట్టే దారి ఇది. ల్యాబ్‌లో ప్రతి విద్యార్థి తన కంప్యూటర్‌లో, తన సొంత డేటాబేస్‌తో కూర్చుంటాడు కాబట్టి ఈ పద్ధతి ప్రతిసారీ పనిచేస్తుంది. వందసార్లు నడిపినా తప్పు కనబడదు. అవుట్‌పుట్ సరిగ్గానే వస్తుంది, మార్కులూ పడతాయి. ఈ లోపం బయటపడాలంటే అదే టేబుల్‌లో అదే సమయంలో రాస్తున్న రెండో మనిషి ఉండాలి. ల్యాబ్‌లో ఆ రెండో మనిషి ఎప్పుడూ లేడు. ఉద్యోగంలో మొదటి రోజు నుంచే ఉంటాడు.

ఇద్దరు ఒకేసారి అడిగారనుకోండి. ఇద్దరికీ 500 అనే జవాబే వస్తుంది. ఇద్దరూ 501 అని లెక్క కట్టుకుంటారు. ప్రైమరీ కీ అని టేబుల్‌లో ప్రకటించి ఉంటే ఒకరి ఇన్సర్ట్ డూప్లికేట్ కీ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ప్రకటించి ఉండకపోతే రెండూ లోపలికి పోతాయి, ఎవరికీ ఏ ఎర్రరూ రాదు. రెండోది మొదటిదానికన్నా ఎంతో ప్రమాదం.

"రెండు స్టేట్‌మెంట్లనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాం కదా, ఇంకేం భయం" అని పిల్లలు అడుగుతారు. కొన్ని పాఠాల్లో కూడా ఇలాగే రాసి ఉండటం చూశాను. ట్రాన్సాక్షన్ అంటే పని మొత్తం జరుగుతుంది లేదా మొత్తం జరగదు అన్న హామీ. మీరు చూస్తున్నప్పుడు ఇంకెవరూ చూడరన్న హామీ కాదు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లు మూడింటిలోనూ, మామూలు సెట్టింగుల్లో, ఒకరు చేర్చి ఇంకా కమిట్ చేయని, అంటే ఖాయం చేయని, రికార్డు మరొకరి సెలెక్ట్‌కు కనబడదు. అది ఆ వ్యవస్థల గొప్పతనం కూడా, ఎందుకంటే చదివేవాళ్లు రాసేవాళ్ల కోసం ఆగక్కర్లేదు. కానీ ఆ గుణమే మ్యాక్స్ ప్లస్ వన్‌ను చెడగొడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఐసొలేషన్‌ను, అంటే ఒకరి పని మరొకరికి తగలకుండా ఉంచే స్థాయిని, అన్నిటికన్నా కఠినమైన సీరియలైజబుల్‌కు పెంచితే తప్పుడు నంబరు పడదు, నిజమే. అయితే ఇద్దరిలో ఒకరి పని వెనక్కి కొట్టేస్తుంది, మళ్లీ మొదటినుంచి ప్రయత్నించే కోడ్ రాయాల్సి వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే ఆ స్థాయిలో ఇద్దరూ చదవడానికి వేసిన లాకులే ఒకరికొకరు అడ్డుపడి డెడ్‌లాక్ అవుతాయి. టేబుల్ మొత్తానికి లాక్ వేస్తే ఎర్రర్లు పోతాయి, వాటితో పాటే వేగమూ పోతుంది. ఒక్క నంబరు కోసం అందరూ వరుసలో నిలబడాలి.

ఇక నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక సంస్థ చెల్లింపుల వ్యవస్థలో పనిచేశాను. రసీదుల టేబుల్‌కు నంబరు మ్యాక్స్ ప్లస్ వన్‌తోనే వచ్చేది. మొదట్లో వాడేవాళ్లు తక్కువ, ఏ ఇబ్బందీ లేదు. వాడకం పెరిగాక రద్దీ వేళల్లో డూప్లికేట్ కీ ఎర్రర్లు మొదలయ్యాయి. రోజుకు రెండు, తర్వాత పది, తర్వాత ఫోన్లు. ఆ ఒత్తిడిలో ప్రైమరీ కీ కన్‌స్ట్రెయింట్‌ను, అంటే నకలు నంబర్లను ఆపే నియమాన్ని, తీసేసి, దాని స్థానంలో వెతకడానికి మాత్రమే పనికొచ్చే మామూలు ఇండెక్స్ పెట్టాం. ఆ మార్పు రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఎర్రర్లు ఆగిపోయాయి. అందరూ సంతోషించారు.

కొన్ని వారాల తర్వాత ఒక వ్యక్తి తను కట్టని డబ్బు తన ఖాతాలో కనబడుతోందని చెప్పాడు. మరొకరు, కట్టిన డబ్బు రెండుసార్లు పడిందన్నారు. వెతికితే ఒకే నంబరుతో ఇద్దరి రసీదులు ఉన్నాయి. చెల్లింపుల వివరాల టేబుల్‌లో ఉన్నది రసీదు నంబరు ఒక్కటే. దాని మీద రెండు టేబుళ్లనూ కలిపే జాయిన్ వేస్తే ఇద్దరి చెల్లింపులూ ఇద్దరి కిందా వస్తున్నాయి. అలాంటి జంటలు అప్పటికే ఎన్నో పేరుకుపోయాయి. నకలు నంబరును మార్చడం ఒక అప్‌డేట్‌తో అయిపోతుంది. కానీ కింది టేబుల్‌లోని ఏ చెల్లింపు ఏ రసీదుకు చెందినదో డేటాబేస్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు. సమయాలు చూసి, మొత్తాలు పోల్చి, మనుషుల్ని అడిగి ఒక్కోటీ విడదీశాం. కొన్నిటిని విడదీయలేకపోయాం. ఒక రికార్డును మరో రికార్డు నుంచి వేరుగా గుర్తుపట్టే ఆధారం పోతే ఆ సమాచారాన్ని ఎంత తెలివైన క్వెరీ కూడా తిరిగి తేలేదని ఆ రాత్రుల్లో తెలిసింది. ప్రైమరీ కీ అనే మాటను డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్ 1970లోనే ఆ నమూనాలో వాడారు. ఆ మాటకున్న బరువు నాకు అప్పుడు అర్థమైంది.

అసలు ఆ ఎర్రర్లు మాకు మేలు చేస్తున్నాయి. డేటాబేస్ తప్పును పట్టుకుని చెబుతుంటే దాని నోరు మేమే నొక్కేశాం. విద్యార్థులకు డూప్లికేట్ కీ ఎర్రర్‌ను పోగొట్టాల్సిన అడ్డంకిగా కాకుండా చదవాల్సిన హెచ్చరికగా పరిచయం చేయండని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

మ్యాక్స్ ప్లస్ వన్‌లో ఇంకో దోషం ఉంది, దానికి రెండో మనిషి కూడా అక్కర్లేదు. చివరి రికార్డు 501ని తొలగించండి. ఇప్పుడు పెద్ద నంబరు 500, కాబట్టి కొత్తగా వచ్చేవారికి మళ్లీ 501 వస్తుంది. టేబుల్ లోపల అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ పాత 501 గురించి పంపిన ఉత్తరాలు, లాగ్ ఫైళ్లు, పక్క వ్యవస్థకు పంపిన నకళ్లు అన్నీ ఇప్పుడు కొత్త మనిషిని చూపిస్తుంటాయి. ఒక టేబుల్ నుంచి మరో టేబుల్ రికార్డును చూపించే ఫారిన్ కీ డేటాబేస్ లోపలి సంబంధాలను కాపాడుతుంది గానీ, బయటకు వెళ్లిన కాగితాన్ని కాపాడలేదు.

ఇది డేటాబేస్‌లు తయారుచేసేవాళ్లు కూడా పడిన గుంతే. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీ, 8.0కు ముందు వెర్షన్లలో, ఆటో ఇంక్రిమెంట్ (నంబరును డేటాబేసే పెంచి ఇవ్వడం) లెక్కను మెమరీలోనే పెట్టుకునేది. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడితే టేబుల్‌లోని పెద్ద నంబరు చూసి అక్కణ్నుంచి కొనసాగేది. అంటే లోలోపల అదే మ్యాక్స్ ప్లస్ వన్. చివరి రికార్డులు తొలగించి, సర్వర్ రీస్టార్ట్ చేస్తే పాత నంబర్లు మళ్లీ వచ్చేవి. దీని మీద 2003లో ఫిర్యాదు నమోదైంది. వాళ్ల బగ్ జాబితాలో దాని సంఖ్య 199. ఆ లెక్కను డిస్క్ మీద భద్రపరిచే 8.0 వెర్షన్ అందరి వాడకానికీ వచ్చింది 2018లో. ఎస్‌క్యూఎల్‌లైట్‌లో ఇప్పటికీ ఇంటీజర్ ప్రైమరీ కీ అని మాత్రమే రాస్తే, చివరి రికార్డు తొలగించాక దాని నంబరు మళ్లీ రావచ్చు. ఆటోఇంక్రిమెంట్ అన్న మాట కూడా చేరిస్తేనే వాడిన నంబరును గుర్తుంచుకుని, మళ్లీ ఇవ్వదు. ఈ తేడా ల్యాబ్‌లో ఐదు నిమిషాల్లో చూపించొచ్చు.

ఇన్ని చిక్కులకూ మూలం ఒకటే. నంబరును టేబుల్‌ను చూసి ఊహిస్తున్నాం. నంబరు ఇవ్వడానికే ఉన్నవాణ్ని అడగడం లేదు. సీక్వెన్స్ అంటే ఆ ఇచ్చేవాడు. అడిగిన ప్రతిసారీ ముందుకే కదులుతుంది, ఇచ్చినదాన్ని గుర్తుంచుకుంటుంది, టేబుల్ వైపు కన్నెత్తి కూడా చూడదు. అడిగినవాళ్ల ట్రాన్సాక్షన్ కమిట్ అయిందా, రోల్‌బ్యాక్‌తో రద్దయిందా అన్నదీ దానికి అక్కర్లేదు. అందుకే వెయ్యిమంది ఒకేసారి అడిగినా ఎవరూ ఎవరి కమిట్ కోసమూ ఆగరు. ఒరాకిల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో సీక్వెన్స్ ఎప్పటినుంచో ఉంది. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి సీక్వెన్సులు, నంబరు తనంతట తానే నిండే ఐడెంటిటీ కాలమ్‌లు 2003లో వచ్చాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఐడెంటిటీ పాతదే, విడి సీక్వెన్స్ మాత్రం 2012 వెర్షన్‌లో చేరింది. ఒరాకిల్ 12సీతో, పోస్ట్‌గ్రెస్ 10తో ఐడెంటిటీ కాలమ్ తెచ్చుకున్నాయి. అంటే ఇప్పుడు వాడకంలో ఉన్న ఏ ప్రధాన డేటాబేస్‌లోనూ నంబరును మనం లెక్కకట్టాల్సిన అవసరమే లేదు. సిలబస్‌లో మాత్రం మనం ఇంకా లెక్కకడుతూనే ఉన్నాం.

పిల్లలకు ఆటో ఇంక్రిమెంట్ చెప్పేశాం, అయిపోయింది అనుకునేవారికి ఒక మాట. జబ్బు అక్కడితో తగ్గదు, చోటు మార్చుకుంటుంది. రికార్డు చేర్చాక దానికి ఏ నంబరు వచ్చిందో తెలియాలి, ఎందుకంటే దాని కింద వివరాల రికార్డులు చేర్చాలి. అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? ఇన్సర్ట్ తర్వాత సెలెక్ట్ మ్యాక్స్ రాస్తారు. ఈలోపు మరొకరి రికార్డు చేరి కమిట్ అయితే, ఇక్కడి వివరాలు వాళ్ల నంబరు కిందకు పోతాయి. ఈసారి డూప్లికేట్ ఎర్రర్ కూడా రాదు. ఒకరి సరుకుల జాబితా ఇంకొకరి ఆర్డర్‌లో చేరుతుంది. పరీక్షల్లో దొరకదు, రద్దీలో తప్ప కనబడదు. నా అనుభవంలో మొదటి తప్పుకన్నా ఈ రెండోదే ఎక్కువసార్లు ఎదురైంది, ఎందుకంటే దీన్ని రాసేవాళ్లు తాము సరైన పద్ధతిలోనే ఉన్నామని నమ్ముతారు.

దీనికీ ప్రతి డేటాబేస్‌లో సరైన దారి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ ఫంక్షన్ ఆ కనెక్షన్‌కు సంబంధించిన నంబరునే ఇస్తుంది, పక్కవాళ్లు ఎన్ని చేర్చినా దానికి పట్టదు. ఒకే ఇన్సర్ట్‌లో పది రికార్డులు చేరిస్తే అది ఇచ్చేది మొదటి రికార్డు నంబరు, చివరిది కాదు. ఇది తెలియక పొరబడినవాళ్లను చాలామందిని చూశాను. పోస్ట్‌గ్రెస్‌లో ఇన్సర్ట్ చివర రిటర్నింగ్ అని రాస్తే వచ్చిన నంబరు అదే స్టేట్‌మెంట్ జవాబుగా చేతికొస్తుంది, ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి నాకు తెలియదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అవుట్‌పుట్ క్లాజ్ ఆ పనే చేస్తుంది. అక్కడే రెండు యాట్ (@) గుర్తులతో మొదలయ్యే ఐడెంటిటీ అనే పాత వేరియబుల్ ఒకటుంది. టేబుల్ మీద, రికార్డు చేరగానే దానంతటదే నడిచే ట్రిగ్గర్ ఉండి, అది ఇంకో టేబుల్‌లో రికార్డు చేరిస్తే, ఆ వేరియబుల్ ఇచ్చేది ఆ ఇంకో టేబుల్ నంబరు. స్కోప్ ఐడెంటిటీ ఫంక్షన్ వాడమనేది అందుకే. పాత నోట్సుల్లో ఆ పాత వేరియబులే ఉంటుంది. దయచేసి ఆ నోట్సు ఒకసారి తిరగేయండి.

ఇప్పుడు ఖాళీల సంగతి. సీక్వెన్స్ నేర్పగానే విద్యార్థి వేసే మొదటి ప్రశ్న, 503 తర్వాత 505 వచ్చింది, 504 ఏదీ అని. రోల్‌బ్యాక్ అయిన పని తీసుకున్న నంబరు వెనక్కి రాదు. వెనక్కి రావాలంటే, మొదటివాడు కమిట్ చేస్తాడో లేదో తేలేవరకూ రెండోవాణ్ని ఆపాలి. ఆపకుండా ఉండటానికే కదా సీక్వెన్స్ పెట్టుకున్నది. పైగా వేగం కోసం కొన్ని నంబర్లను ముందే పక్కన పెట్టుకుంటారు. ఒరాకిల్ మామూలుగా 20 పెట్టుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి సర్వర్ అర్ధంతరంగా ఆగిపోతే ఇంట్ ఐడెంటిటీ ఒక్కసారిగా 1000 ముందుకు దూకడం చూసి ఎందరో కంగారుపడ్డారు. కంగారు పడాల్సింది లేదు. ప్రైమరీ కీ పని గుర్తుపట్టడం. లెక్కపెట్టడం దాని పని కాదు.

చట్టం కోసమో, ఆడిట్ కోసమో మధ్యలో ఖాళీ లేని ఇన్‌వాయిస్ నంబర్లు కావాల్సిన చోట్లు ఉంటాయి. అక్కడ ఆ నంబరును ప్రైమరీ కీ చేయకండని నేర్పండి. అది విడిగా ఒక కాలమ్, దానికి విడిగా యూనిక్ కన్‌స్ట్రెయింట్. చివరి నంబరును ఒక చిన్న టేబుల్‌లో ఒకే రికార్డుగా ఉంచి, ఆ రికార్డును అప్‌డేట్‌తో లాక్ చేసి, ఒకటి పెంచి, అదే ట్రాన్సాక్షన్‌లో ఇన్‌వాయిస్ రాసి కమిట్ చేయాలి. ఇది అందర్నీ వరుసలో నిలబెడుతుంది. ఇక్కడ నిలబెట్టడం అవసరం, ఆ అవసరానికి ఎంత ధర చెల్లిస్తున్నామో తెలిసి చేస్తున్నాం. మ్యాక్స్ ప్లస్ వన్‌లో ధర తెలియదు, వస్తువూ దక్కదు.

కాలమ్ ఎంత పెద్దది అన్నది మన పాఠాల్లో దాదాపు రాదు. ప్రతి ఉదాహరణలోనూ నాలుగు బైట్ల పూర్ణసంఖ్య అయిన ఇంట్ అని రాసి ముందుకు పోతాం. ఇంట్‌లో పట్టేది 2147483647 వరకే. 2018 నవంబర్ 8న ప్రాజెక్టుల నిర్వహణకు వాడే బేస్‌క్యాంప్ సేవ దాదాపు ఐదు గంటలు చదవడానికి తప్ప రాయడానికి పనికిరాకుండా పోయింది, వాళ్ల ఒక టేబుల్‌లోని ఐడీ సరిగ్గా ఈ అంకెను తాకడమే కారణం. వాళ్లు వాడే రైల్స్ ఫ్రేమ్‌వర్క్ కొత్త టేబుళ్లకు ఇంట్‌కన్నా పెద్దదైన బిగ్ఇంట్‌ను మామూలు అలవాటుగా మార్చింది ఆ ముందు ఏడాదే. 2006లో స్లాష్‌డాట్ అనే టెక్ వార్తల సైట్‌కు జరిగింది ఇంకా పాఠంలాంటిది. వాళ్లు వ్యాఖ్యల టేబుల్ ప్రైమరీ కీని ఎప్పుడో పెద్దది చేసుకున్నారు. కానీ ఏ వ్యాఖ్యకు ఏది జవాబో చెప్పే పేరెంట్ కాలమ్‌ను ఇంట్‌కన్నా చిన్నదైన మీడియంఇంట్‌గానే వదిలేశారు. వ్యాఖ్యలు 16777216 దాటిన రాత్రి జవాబులన్నీ ఆగిపోయాయి. కీని మార్చినప్పుడు ఆ కీ నకలు ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా మార్చాలి.

ఇన్ని రికార్డులు మాకెక్కడ వస్తాయి అనుకోవద్దు. నంబర్లు రికార్డులకన్నా వేగంగా ఖర్చవుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌తో రాసిన ఇన్సర్ట్, ఆ రికార్డు ముందే ఉందని వదిలేసినా, సీక్వెన్స్ నుంచి ఒక నంబరు తీసేసుకుంటుంది. లక్ష రికార్డులున్న టేబుల్‌ను నిమిషానికోసారి అలా తాజాపరిస్తే పదిహేను రోజుల్లో ఇంట్ నిండిపోతుంది, టేబుల్‌లో మాత్రం అదే లక్ష. బిగ్ఇంట్ అయితే సెకనుకు పది లక్షలు ఖర్చుపెట్టినా రెండున్నర లక్షల ఏళ్లకు పైగా వస్తుంది. ఒక్కో రికార్డుకు అదనంగా నాలుగు బైట్లు. ఉదాహరణల్లో బిగ్ఇంట్ రాయండి, పిల్లలు చూసిందే రాస్తారు.

యూయూఐడీ అనే పొడవాటి ప్రత్యేక గుర్తు గురించి కొంచెమే చెబుతాను. నెట్‌వర్క్ లేని చోట ఫోన్‌లో రికార్డు తయారై తర్వాత సర్వర్‌కు చేరాల్సి వచ్చినప్పుడు, లేదా ఎన్నో సర్వర్లు ఒకరినొకరు అడక్కుండా కీలు తయారు చేయాల్సి వచ్చినప్పుడు అది చక్కటి సమాధానం. 128 బిట్లు, నాలుగో వెర్షన్‌లో అందులో 122 యాదృచ్ఛికం. రెండుసార్లు ఒకటే రావడం గురించి దిగులు అక్కర్లేదు. కానీ ఈ నమ్మకాన్ని పిల్లలు ఎక్కడికైనా పొడిగిస్తారు. ర్యాండమ్ ఫంక్షన్‌తో ఆరు అంకెల నంబరు తీసి ప్రైమరీ కీ చేసినవాళ్లను చూశాను. పది లక్షల అవకాశాల్లో సుమారు 1180 రికార్డులు చేరేసరికే, ఎక్కడో ఒక జత కలిసే అవకాశం సగానికి సగం. 23 మందిలో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి మించుతుందన్న లెక్కే ఇది. మిల్లీసెకన్ల సమయాన్ని కీగా వాడేవాళ్లదీ ఇదే దారి.

యూయూఐడీని 36 అక్షరాల పదంగా దాచొద్దని, 16 బైట్లుగానే దాచమని నేర్పండి. ఇన్నోడీబీలో టేబుల్ రికార్డులు ప్రైమరీ కీ వరుసలోనే డిస్క్ మీద అమరి ఉంటాయి, మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ఆ కీ నకలు ఉంటుంది. కీ లావైతే అన్ని ఇండెక్సులూ లావవుతాయి. కీ యాదృచ్ఛికమైతే ప్రతి ఇన్సర్టూ ఆ వరుసను అమర్చే బీ ట్రీ అనే నిర్మాణంలో ఏదో మధ్య పేజీని వెతుక్కుంటూ పోతుంది, పేజీలు చీలుతుంటాయి. 2024 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్న ఏడో వెర్షన్ యూయూఐడీ మొదటి 48 బిట్లలో సమయాన్ని పెడుతుంది కాబట్టి కొత్తవన్నీ చివర్లోనే చేరతాయి. పోస్ట్‌గ్రెస్ 18లో దీనికి సొంత ఫంక్షన్ ఉంది. కొత్తగా సిలబస్ రాసేవారు నాలుగోదాని పక్కన ఏడోదాన్ని కూడా పెడితే సరిపోతుంది.

వరుస నంబర్లు బయటకు కనబడితే ఏమవుతుందో చెప్పడానికి మంచి ఉదాహరణ రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. చేజిక్కిన జర్మన్ ట్యాంకుల మీది వరుస సంఖ్యలను చూసి మిత్రపక్షాల గణాంకవేత్తలు నెలకు ఎన్ని తయారవుతున్నాయో అంచనా కట్టారు. 1942 ఆగస్టుకు గూఢచారుల లెక్క 1550, గణాంకవేత్తల లెక్క 327. యుద్ధం తర్వాత దొరికిన జర్మన్ రికార్డుల్లో ఉన్నది 342. వెబ్ చిరునామాలో ఆర్డర్ నంబరు చూపించే సంస్థ వ్యాపారాన్ని కూడా ఎవరైనా అలాగే అంచనా కట్టొచ్చు. అయితే ఇక్కడ ఒక అపోహ ఉంది. చిరునామాలో 501ని 502గా మార్చితే పక్కవాడి వివరాలు కనబడటం కీ లోపం కాదు, అనుమతి తనిఖీ లేకపోవడం. యూయూఐడీ పెట్టినంత మాత్రాన తలుపుకు తాళం వేసినట్టు కాదు.

ఇంతకూ మిమ్మల్ని అడిగేదేమిటంటే, మొదటి టేబుల్ చేయించే రోజే నంబరు ఇచ్చే పనిని డేటాబేస్‌కు అప్పగించడం నేర్పండి. ప్రశ్నపత్రంలో "తదుపరి ఐడీ కనుగొనే క్వెరీ రాయండి" అన్న ప్రశ్న తీసేసి, ఆ క్వెరీ ఇచ్చి ఇందులో ఏం తప్పు జరగవచ్చో రాయమనండి. కన్‌కరెన్సీని, అంటే ఒకేసారి అనేకమంది పనిచేయడాన్ని, చివరి యూనిట్‌లో, సెమిస్టర్ అయిపోతుండగా, సిద్ధాంతంగా మాత్రమే చెప్పే అలవాటు మార్చండి. పాత డేటాను ఐడీలతో సహా ఎక్కించాక పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ ఇంకా 1 దగ్గరే ఉండి, మొదటి ఇన్సర్టే ఎర్రర్ కొట్టడం, సెట్‌వాల్ ఫంక్షన్‌తో దాన్ని సరిచేయడం ఒక్కసారి చేయిస్తే ఆ పిల్లలకు ఉద్యోగంలో ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

వీటన్నిటికన్నా ముందు ఒక ల్యాబ్ చేయించండి. నేను కొత్తవాళ్లతో చేయించేది ఇదే, గంటకు మించి పట్టదు. ఇద్దరేసి విద్యార్థులను పక్కపక్కన కూర్చోబెట్టి, రెండు విండోలను ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు కలపండి. ఇద్దర్నీ బిగిన్ అనమనండి. ఇద్దర్నీ మ్యాక్స్ అడగమనండి, ఇద్దరికీ 500 వస్తుంది. మొదటి విద్యార్థి 501తో ఇన్సర్ట్ చేస్తాడు, వెంటనే అయిపోతుంది. రెండో విద్యార్థి కూడా 501తో ఇన్సర్ట్ చేస్తుంది. ఏ జవాబూ రాదు. ఎర్రర్ లేదు, విజయం లేదు, కర్సర్ అలాగే ఆగి ఉంటుంది. అప్పుడేమీ చెప్పకండి. కాసేపు వాళ్లనే చూడనివ్వండి. మొదటి విద్యార్థి కమిట్ చేసిన మరుక్షణం రెండో విండోలో డూప్లికేట్ కీ ఎర్రర్ పడుతుంది. మళ్లీ మొదటినుంచి చేయించండి, ఈసారి మొదటివాణ్ని రోల్‌బ్యాక్ చేయమనండి. రెండో విండోలో ఇన్సర్ట్ ఏ ఇబ్బందీ లేకుండా పూర్తవుతుంది. తమ పని జరుగుతుందో లేదో పక్క కుర్చీలో ఉన్నవారి చేతిలో ఉందని ఇద్దరికీ అప్పుడు తెలుస్తుంది.

తర్వాత అదే టేబుల్‌ను ఐడెంటిటీ కాలమ్‌తో కొత్తగా చేయించి, నంబర్లు ఇవ్వకుండానే 500 రికార్డులు ఎక్కించి, మళ్లీ ఇద్దర్నీ బిగిన్ అనమనండి. నంబరు ఇవ్వకుండా ఇన్సర్ట్ చేసి రిటర్నింగ్ ఐడీ అనమనండి. ఒకరికి 501, ఇంకొకరికి 502, ఇద్దరికీ తక్షణమే వస్తాయి. 501 వచ్చినవారిని రోల్‌బ్యాక్ చేయించి, ఇంకో రికార్డు చేర్పించండి. 503 వస్తుంది. ఇద్దర్నీ కమిట్ చేయించండి. పిల్లలు టేబుల్ మొత్తం సెలెక్ట్ చేసి చూస్తారు, "501 ఏమైందండీ?" అని అడుగుతారు. పాఠం అక్కడ మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పాఠాలు విని ఈ పనిలోకి వచ్చిన ఒక డేటాబేస్ ఉద్యోగి